ప్లాస్టిక్ మూతకు కరెంటు పారే పూత: కార్బన్ నానోట్యూబులు చిన్న షెడ్డుకు పనికొస్తాయా?

రేణిగుంట_ట్రేలు | ఏప్రిల్ 11, రాత్రి 9:52

అందరికీ నమస్కారం. గాజులమండ్యం పారిశ్రామికవాడలో మాది చిన్న వాక్యూమ్ ఫార్మింగ్ షెడ్డు. ప్లాస్టిక్ షీటు వేడి చేసి అచ్చు మీద పరిచి, కింద నుంచి గాలి లాగేస్తే ట్రే దిగుతుంది. మొన్నటిదాకా స్వీటు డబ్బాల్లోకి, మందుల పెట్టెల్లోకి ట్రేలు చేసుకుంటూ బతికాం. పోయిన ఏడాది నుంచి సర్క్యూట్ బోర్డులు పెట్టుకునే ట్రేలు, వాటి మీదికి మూతలు మొదలుపెట్టాం.

ట్రే తెల్ల హిప్స్ (రబ్బరు కలిపిన పాలీస్టైరీన్ ప్లాస్టిక్), మూత పెట్ (నీళ్ళ సీసాల ప్లాస్టిక్). మూత తెరవకుండానే లోపలి బార్‌కోడు కనపడాలి కాబట్టి అది అద్దంలా ఉండాల్సిందే. ఛార్జ్ నిలిచి బోర్డులు పాడవకుండా రెండింటికీ యాంటీస్టాటిక్ స్ప్రే కొట్టి పంపేవాళ్ళం. డిసెంబర్‌లో పంపిన సరుకు మొత్తం పాస్. మార్చి ఆఖర్లో పంపింది మొత్తం వెనక్కి. అదే స్ప్రే, అదే షీటు, కొట్టిన మనిషి కూడా వాడే. కొన్న కంపెనీ వాళ్ళ మీటరు రెసిస్టెన్స్ 10^12 ఓములు (1 పక్కన 12 సున్నాలు) చూపిందంట, 10^9 దాటకూడదంట. నాలుగు వందల మూతలు షెడ్డు మూలన కూర్చుని నన్నే చూస్తున్నాయి.

కార్బన్ నానోట్యూబుల (కంటికి కనపడనంత సన్నని బోలు కార్బన్ పోగులు) పూత వేస్తే ఇక జన్మలో స్ప్రే అక్కర్లేదని ఒకాయన చెప్పాడు. నిజమేనా? నేను డిప్లొమా దాకానే చదివా, కాస్త నిదానంగా చెప్పండి.

శ్రీసిటీ_క్వాలిటీ | ఏప్రిల్ 11, రాత్రి 10:20

అన్నా, డిసెంబర్‌లో పాసయింది మీ స్ప్రే కాదు, తుపాను.

ఆ స్ప్రే ఒకరకం సబ్బు. దాని అణువు ఒక కొసతో ప్లాస్టిక్‌ని, రెండో కొసతో గాలిలో తేమని పట్టుకుంటుంది. కంటికి కనపడని ఆ తడి పొరలోనే ఛార్జ్ జారిపోతుంది. వానాకాలం మన తిరుపతిలో గాలి పిండితే నీళ్ళొస్తాయి, అందుకని ఏ సబ్బు కొట్టినా పాసే. మార్చి దాటాక మధ్యాహ్నం గాలి ఎండు మిరపకాయలా ఉంటుంది, పైగా కంపెనీ హాల్లో ఏసీ. తడి పొరే లేకపోతే ఛార్జ్ యాడికి పోతుంది? అందుకే అసలు పరీక్ష 12 శాతం తేమలో, 23 డిగ్రీల దగ్గర పెట్టి చేస్తారు. వాళ్ళు తిప్పి పంపినందుకు బాధపడకండి, నేనైనా అదే చేసేదాన్ని.

కార్బన్‌తో ఉన్న మేలు అదే. దాంట్లో పారేది ఎలక్ట్రాన్, తేమతో పని లేదు.

మెరుపు_2_0 | ఏప్రిల్ 11, రాత్రి 11:05

ఇంకా ఈ సబ్బుల గోలేంది సామీ! నానోట్యూబు రాగి కన్నా వెయ్యి రెట్లు కరెంటు మోస్తుంది. చిటికెడు పొడి తెప్పించు, అసిటోన్‌లో కలుపు, పిచికారీ కొట్టు. పొద్దునకల్లా పని అయిపోయినట్టే.

ఏర్పేడు_ల్యాబ్ | ఏప్రిల్ 12, ఉదయం 7:40

మెరుపు అన్నా, పొద్దున్నే భయపెట్టావు. రేణిగుంట అన్న నిజంగా చేసేస్తాడేమోనని ముందు అసిటోన్ సంగతి చెప్తా. హిప్స్ మీద పడితే మెత్తబడి పగుళ్ళు తేలుతుంది. పెట్ మీద పడితే తెల్లగా మసకేస్తుంది. రెండూ పోతాయి.

ఇక వెయ్యి రెట్ల మాట. లోపం లేని ఒక్క ట్యూబును తీసుకుని, అంత సన్నని అడ్డుకోతలో ఎంత కరెంటు తట్టుకుంటుందని లెక్క వేస్తే ఆ మాట వస్తుంది. పూతలో ఉండేది ఒక్క ట్యూబు కాదు, గడ్డివాములా ఒకదాని మీద ఒకటి పడిన కోట్ల ట్యూబులు. ట్యూబు లోపల ఎలక్ట్రాన్ పరుగు తీస్తుంది, ట్యూబు నుంచి ట్యూబుకు దూకే చోట ఆగుతుంది. ఘాట్ రోడ్డు ఎంత ఖాళీగా ఉన్నా అలిపిరి తనిఖీ దగ్గర బండి ఆపాల్సిందే కదా, అట్లా. పూత మొత్తం రెసిస్టెన్స్‌ని తేల్చేది ఆ తనిఖీలే.

అయినా ట్యూబులకే ఎందుకింత పేరంటే, వాటి ఆకారం. స్వర్ణముఖి దాటాలనుకోండి (నీళ్ళున్న రోజుల్లో). గుండ్రాళ్ళు వేసుకుంటూ పోతే చాలా రాళ్ళు పడితే గానీ ఒడ్డు నుంచి ఒడ్డుకు దారి కుదరదు. అదే పొడవాటి తాటి మొద్దులు విసిరితే కొన్నింటితోనే దారి పడుతుంది. దారి పడేదాకా ఒక్కరూ దాటలేరు, పడ్డాక అందరూ దాటేస్తారు. ప్లాస్టిక్‌లో కూడా అంతే, కలిపే కార్బన్ ఒకానొక పాళ్ళకు చేరిన దగ్గర రెసిస్టెన్స్ మెల్లగా తగ్గదు, ధబేల్‌మని లక్షల రెట్లు పడిపోతుంది. మామూలు కార్బన్ బ్లాక్ (మసి పొడి) గుండ్రాయి లాంటిది, ప్లాస్టిక్‌లో 15, 20 శాతం దాకా దట్టించాలి. ట్యూబు తాటి మొద్దు, లావు కన్నా పొడవు వందల, వేల రెట్లు. 2 నుంచి 5 శాతంతో పని నడుస్తుంది.

అన్నకు కావాల్సింది కూడా ఇక్కడే ఉంది. 20 శాతం మసి కలిపిన దాంట్లోంచి బార్‌కోడు చదవలేం. పలచటి ట్యూబుల వలలోంచి వెలుతురు దాటుతుంది.

కరకంబాడి_మాస్టారు | ఏప్రిల్ 12, ఉదయం 9:15

పోలిక బాగుందయ్యా. ఒక చేర్పు. చాలామంది 1991లో జపాన్‌లో సుమియో ఇజిమా వీటిని కనిపెట్టాడని చదువుతారు. ఆయన పత్రంతోనే ప్రపంచం కళ్ళు తెరిచిన మాట నిజం. కానీ 1952లోనే ఇద్దరు సోవియట్ శాస్త్రవేత్తలు ఇలాంటి బోలు కార్బన్ పోగుల ఫొటోలు అచ్చేశారు. రష్యన్ భాషలో ఉండిపోయింది, బయటివాళ్ళు పట్టించుకోలేదు. మన భాషలో రాసుకునేవాళ్ళం ఇది గుర్తుపెట్టుకోవాలి.

నామాల_త్రీడీ | ఏప్రిల్ 12, మధ్యాహ్నం 1:30

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. నేను త్రీడీ ప్రింటర్‌లో శంఖు, చక్రం, నామాల లాకెట్లు పీఎల్‌ఏ ప్లాస్టిక్‌తో చేసి రాగి పూత వేస్తుంటా. ఇప్పుడు గ్రాఫైట్ పెయింటు పూసి కాపర్ సల్ఫేట్ తొట్టిలో వేలాడదీస్తున్నా. తీగ తగిలించిన చోట రాగి మందంగా పడుతుంది, అవతలి కొసకు రెండు గంటలైనా పాకదు. నానోట్యూబులు పూస్తే పాకుతుందా?

ఏర్పేడు_ల్యాబ్ | ఏప్రిల్ 12, మధ్యాహ్నం 2:10

తమ్ముడూ, నీ అవసరం వేరు, అన్న అవసరం వేరు. అన్నకు ఛార్జ్ మెల్లగా జారితే చాలు, లక్షల, కోట్ల ఓములైనా ఫర్వాలేదు. నీకు తొట్టిలో నిజమైన కరెంటు పారాలి, పదుల ఓములకు దిగాలి. గ్రాఫైట్ పెయింటులో రవ్వంత ట్యూబులు కలిపితే పలకకీ పలకకీ మధ్య వంతెనలు పడతాయి, లాభం ఉంటుంది. కానీ అంతకన్నా చవక పని, ఇంకో రెండు చోట్ల సన్న రాగి తీగలు తగిలించి, మొదటి అరగంట కరెంటు బాగా తగ్గించి పెట్టు. సన్నగా అంతటా పాకాక పెంచుకో.

కార్లకు, కుళాయిలకు మెరిసే ప్లాస్టిక్ భాగాలు చేసేవాళ్ళు ఏబీఎస్ అనే ప్లాస్టిక్ వాడేది ఊరికే కాదు. క్రోమిక్ ఆమ్లంలో ముంచితే అందులోని రబ్బరు రేణువులు కరిగి సన్న గుంటలు పడతాయి, వాటిలో పల్లేడియం, దాని మీద నికెల్ వేళ్ళూనుకుంటాయి. పీఎల్‌ఏలో ఆ రబ్బరు లేదు. ఉన్నా ఆ ఆమ్లం ఇంట్లోకి తేవద్దు, అది క్యాన్సర్ కారకం.

అలిపిరి_మెట్టు (నిర్వాహకుడు) | ఏప్రిల్ 12, మధ్యాహ్నం 2:25

లాకెట్ల సంగతి ఇక వేరే చర్చ పెట్టుకోండి నాయనా. ఇది మూతలది.

రేణిగుంట_ట్రేలు | ఏప్రిల్ 12, రాత్రి 8:45

మాస్టారూ, ఒక సందేహం. వాళ్ళ కాగితంలో 'ఓమ్స్ పర్ స్క్వేర్' అని ఉంది. స్క్వేర్ అంటే చదరపు అడుగా, చదరపు సెంటీమీటరా? అడిగితే నవ్వుతారని అడగలేదు.

కరకంబాడి_మాస్టారు | ఏప్రిల్ 12, రాత్రి 9:30

నవ్వేవాళ్ళలో సగం మందికి తెలియదు, అడిగినందుకు మేలు. రెండూ కాదు. వట్టి చదరం, ఎంత పెద్దదైనా సరే.

దర్శనం క్యూ ఊహించుకో. క్యూ పొడవు రెట్టింపు చేస్తే చేరడానికి కష్టం రెట్టింపు. వెడల్పు రెట్టింపు చేసి రెండు లైన్లు వదిలితే కష్టం సగం. రెండూ ఒకేసారి రెట్టింపు చేస్తే మళ్ళీ మొదటికే వస్తావు. పలచటి పూతలో కూడా చదరం చిన్నదైనా పెద్దదైనా ఎదురెదురు అంచుల మధ్య రెసిస్టెన్స్ ఒక్కటే. అందుకని కొలత పేరు రాయరు.

ఇంట్లో చూసుకోవాలంటే రెండు రాగి పట్టీలు తీసుకో. ఒక్కోటి ఎంత పొడవుందో అంత దూరంలోనే రెండోది అంటించు, మధ్యలో చదరం వస్తుంది. పట్టీల చివర్లు దాటి పూత మిగలకుండా ముక్కను సరిగ్గా కోసుకో. అయితే మామూలు మల్టీమీటరు 20, 40 మెగా ఓములతో చేతులెత్తేస్తుంది. 10^9 అంటే వెయ్యి మెగా ఓములు. దానికి 100 వోల్టులు పెట్టి చూసే సర్ఫేస్ రెసిస్టెన్స్ మీటరు కావాలి. చేతిలో పట్టేంత ఉంటుంది, అడుగున రెండు రబ్బరు పట్టీలు, పైన లైట్లు వెలిగి 10^6, 10^7 అని చూపిస్తుంది. అది లేకుండా ఈ వ్యాపారంలో దిగడం కళ్ళకు గంతలు కట్టుకుని బండి నడపడమే.

శ్రీసిటీ_క్వాలిటీ | ఏప్రిల్ 12, రాత్రి 10:02

మాస్టారి మాటకు ఒక తోక. ఓములు ఎంత తగ్గితే అంత మంచిదని అనుకోవద్దు. మనిషికి షాక్ తగిలినట్టు తెలియాలంటే సుమారు 3000 వోల్టులు ఉండాలి, కొన్ని చిప్పులు 100 వోల్టుల లోపే చచ్చిపోతాయి, చచ్చినట్టు మనకు తెలియదు కూడా. ఛార్జ్ ఎక్కిన చిప్పు రేకు లాంటి నున్నని దారిని తాకితే మొత్తం ఒక్క క్షణంలో దూకుతుంది, ఆ దూకుడుకే లోపల మాడిపోతుంది. మెల్లగా దిగాలి. ప్రమాణంలో 10^4 లోపు కండక్టివ్ (కరెంటు సులువుగా పారేది), అక్కడి నుంచి 10^11 దాకా డిసిపేటివ్ (ఛార్జ్ మెల్లగా దిగేది). మాలాంటి వాళ్ళం 10^6కీ 10^9కీ మధ్య ఉంటే హాయిగా నిద్రపోతాం. ఇంకోటి, ట్రే, మూత ఎంత గొప్పవైనా భూమికి కలిపిన మ్యాట్ మీద పెట్టకపోతే ఛార్జ్ అక్కడే కూర్చుంటుంది.

నా సలహా: ట్రేలకు నానోట్యూబుల జోలికే పోకండి. కార్బన్ బ్లాక్ కలిపిన నల్ల హిప్స్ షీటు మార్కెట్లో దొరుకుతుంది, అదే అచ్చులో దిగుతుంది. రుద్దితే నల్లగా అంటుకుంటుందేమో మాత్రం తెల్ల గుడ్డతో చూసి కొనండి. బుర్ర పెట్టాల్సింది మూతల మీద.

రేణిగుంట_ట్రేలు | ఏప్రిల్ 20, రాత్రి 10:40

మేడమ్ చెప్పినట్టు నల్ల షీటు తెప్పించా, ట్రేల గొడవ తీరింది. 10^5కీ 10^6కీ మధ్య ఊగుతోంది, కొన్నవాళ్ళు ఒప్పుకున్నారు.

మూతల కథ వేరు. 25 గ్రాముల ట్యూబుల పొడి వచ్చింది. 25 గ్రాములంటే ఇంత పెద్ద సంచి! పొడి అంత తేలిక. మా కుర్రోడు ఫ్యాన్ కింద విప్పాడు, సగం షెడ్డు కాటుక పెట్టుకున్నట్టయింది. మిగిలినదాన్ని నీళ్ళు, కొంచెం సబ్బు ద్రవంతో కలిపి, గాంధీ రోడ్డులో మా బావమరిది నగల షాపులో గొలుసులు కడిగే అల్ట్రాసోనిక్ తొట్టిలో రెండు గంటలు పెట్టా. నల్లగా సిరాలా కనపడింది. తెల్లారి చూస్తే సగం అడుగున మడ్డి. పైది మూత మీద పూస్తే కలువాకు మీద నీళ్ళలా ముత్యాలు కట్టి జారిపోయింది. మా ఆవిడ చూసి 'దిష్టి తీసిన నీళ్ళలా ఉన్నాయి' అంది.

ఏర్పేడు_ల్యాబ్ | ఏప్రిల్ 20, రాత్రి 11:15

అన్నా, ముందు ఆ పొడి సంగతి. ఇది తమాషా కాదు.

ఇకమీద పొడి తేవద్దు, తెచ్చినా ఫ్యాన్ కింద విప్పొద్దు. 2008లో ఎలుకల కడుపు పొరల్లో పెట్టి చూసినప్పుడు పొడవాటి, బిరుసు బహుగోడల ట్యూబులు (ఒకదాంట్లో ఒకటి దూర్చిన గొట్టాల్లాంటివి) ఆస్‌బెస్టాస్ పెట్టినట్టే వాపు తెచ్చాయి. 2014లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం వాళ్ళు ఒక రకం బహుగోడల ట్యూబుని మనుషులకు క్యాన్సర్ తెచ్చే అవకాశం ఉన్న 2బీ జాబితాలో చేర్చారు. అమెరికాలో కార్మికుల ఆరోగ్యం చూసే నియోష్ సంస్థ 2013లో సూచించిన హద్దు, ఎనిమిది గంటల సగటున ఘనపు మీటరు గాలిలో 1 మైక్రోగ్రాము. మీ షెడ్డులో ఎగిరింది ఎంతో మీరే ఊహించుకోండి. చీపురుతో ఊడ్చొద్దు. ఫ్యాన్ ఆపి, ఎన్95 మాస్కు, చేతి తొడుగులు వేసుకుని తడి గుడ్డతో తుడిచి, గుడ్డలతో సహా కవర్లో మూటకట్టి విడిగా పెట్టండి. హీటర్ ప్యానల్ కరెంటు తీసి లోపల కూడా చూడండి. ఆ దుమ్ము కరెంటు పారే దుమ్ము, బోర్డు మీద పడితే షార్టే. ప్లాస్టిక్‌లోనో, బైండర్ అనే జిగురులోనో చిక్కుకున్నాక ఇంత భయం లేదు, పొడిగా ఎగిరేటప్పుడే.

మడ్డి ఎందుకంటే, ట్యూబులు ఒకదాన్నొకటి గట్టిగా అంటుకుని కట్టలు కడతాయి. నగల తొట్టికి ఆ కట్టలు విప్పే బలం చాలదు. మా దగ్గర నేరుగా ద్రవంలో ముంచే ప్రోబ్ ఉంటుంది, ఐసు మధ్యలో గిన్నె పెట్టి, ఆపి ఆపి నడుపుతాం. అది కూడా మితిమీరితే ట్యూబులు తెగి పొట్టివైపోతాయి, తాటి మొద్దులు కాస్తా గుండ్రాళ్ళవుతాయి. ల్యాబ్ మిషన్ బయటి పనికి ఇవ్వడం కుదరదు, ఏమనుకోవద్దు. నీళ్ళలో విప్పి అమ్మే సిరా దొరుకుతుంది, బహుగోడలదే చాలు. ఒంటిగోడ ట్యూబుల ధర చూస్తే కళ్ళు తిరుగుతాయి, మీకు అవసరం కూడా లేదు.

చిత్తూరు_కవర్లు | ఏప్రిల్ 21, ఉదయం 6:50

నేను పాలిథీన్ కవర్ల మీద అచ్చేసే వాడిని. నానో గీనో నాకు తెల్దు గానీ, ముత్యాలు కట్టిన సంగతి తెలుసు. ఇరవై ఏళ్ళుగా దాంతోనే కాపురం.

సిరా పరుచుకోవాలంటే ప్లాస్టిక్ దాన్ని ఒప్పుకోవాలి. మేం రోల్‌ని కరోనా మిషన్ కింద పంపిస్తాం (ఆ రోగం కాదబ్బా, ఇది పాత కరోనా, నీలం మెరుపు). తర్వాత డైన్ పెన్నుతో (ప్లాస్టిక్ సిరాని ఎంత ఒప్పుకుంటుందో అంకెల్లో చూపే పెన్ను) గీత గీస్తాం. 38 పెన్ను గీత చెదరకుండా నిలిస్తే అచ్చుకు సిద్ధం, విరిగి చుక్కలైతే మళ్ళీ మిషన్ కిందికే. నాలుగు వారాలు మూలన పెడితే ఆ గుణం దిగిపోతుంది, అది వేరే బాధ.

కానీ పెట్ మామూలుగానే 40 దాటుతుంది. అది ముత్యాలు కట్టిందంటే నాకు వేరే అనుమానం. ఫార్మింగ్‌కి అమ్మే పెట్ షీటుకు సిలికాన్ పూసి అమ్ముతారు కదా, ట్రేలు ఒకదాంట్లో ఒకటి ఇరుక్కోకుండా? నీ షీటు బిల్లు చూసుకో.

రేణిగుంట_ట్రేలు | ఏప్రిల్ 21, ఉదయం 8:05

అన్నా, నీ నోట్లో లడ్డూ పెట్టాలి. బిల్లు మీద ఉంది. 'సిలికాన్ కోటెడ్, రెండు వైపులా'. రెండేళ్ళుగా కొంటున్నా, ఒక్కసారీ చదవలేదు. అంటే ఆ నాలుగు వందల మూతలు...?

చిత్తూరు_కవర్లు | ఏప్రిల్ 21, ఉదయం 8:20

వాటి మీద ఆశ వదులుకో. స్పిరిట్‌తో తుడిస్తే సిలికాన్ పోదు, పక్కకు జరుగుతుంది. స్ప్రే కొట్టావు కాబట్టి స్వీటు డబ్బాలకు కూడా వేయొద్దు. సిలికాన్ లేని షీటు విడిగా చెప్పి తెప్పించుకో. మూతలు ఇరుక్కుంటాయి మరి, అచ్చు అంచుకు నాలుగు బుడిపెలు పెట్టించు.

కాళాస్త్రి_కలం | ఏప్రిల్ 21, సాయంత్రం 5:30

ఇక్కడ నాకేం పని అనుకోకండి, కలంకారీ వేసేదాన్ని. చదువుతుంటే మా గుడ్డ గుర్తొచ్చింది. మేం గుడ్డని కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో ముంచి ఆరబెట్టందే కలం పెట్టం. పాలలో వెన్న సిరాని పాకనివ్వదు, కరక్కాయలో వగరు కసిమి నలుపుని పట్టేస్తుంది. కసిమి అంటే తుప్పు ఇనుము, బెల్లం నీళ్ళలో నానేసి పులియబెట్టిన సిరా. కుండలో చూస్తే అంత నలుపు ఉండదు, కరక్కాయ తాకగానే నల్లబడుతుంది. కరక్కాయ పెట్టని గుడ్డ మీద ఎంత మంచి కసిమి వేసినా ఒక్క ఉతుకుకి పోతుంది.

మీ ట్యూబులను ప్లాస్టిక్‌కి పట్టించే కరక్కాయ ఏది? మీరంతా సిరా గురించే మాట్లాడుతున్నారు.

ఏర్పేడు_ల్యాబ్ | ఏప్రిల్ 21, సాయంత్రం 6:12

అక్కా, ఆ ప్రశ్న మా గైడు అడిగి ఉంటే నేను తడబడేవాణ్ణి.

రెండు దారులు. ఒకటి, ప్లాస్టిక్ పై పొరని రవ్వంత మెత్తబరిచే ద్రావకంతో ట్యూబులను అందులో సగం కూరుకుపోయేలా చేయడం. గట్టిగా నిలుస్తుంది గానీ పెట్‌కి సరైన ద్రావకం దొరకడం కష్టం, షెడ్డులో ఆ ఆవిర్లు కూడా మంచివి కావు. రెండోది బైండర్, నీళ్ళలో కలిసే పాలీయురేథేన్ లాంటిది. ఇక్కడ ఒక మెలిక ఉంది. బైండర్ ప్లాస్టికే, కరెంటు పారదు. తక్కువైతే ట్యూబులు రాలతాయి, ఎక్కువైతే ట్యూబు ట్యూబునీ చుట్టేసి తనిఖీల దగ్గర గోడలు కడుతుంది.

రేణిగుంట_ట్రేలు | మే 9, రాత్రి 9:10

పాసయ్యాం! సిలికాన్ లేని పెట్ షీటు, నీళ్ళలో విప్పిన సిరా, కొంచెం ఐసోప్రొపైల్ ఆల్కహాల్. తీగ చుట్టిన కడ్డీతో షీటు మీద ఒకే లాగుడు. శుభలేఖలు అచ్చేసే ఒక అన్న దగ్గర చేతివాటం నేర్చుకున్నా. ఆరాక చూస్తే సాంబ్రాణి పొగ పట్టిన అద్దంలా లేత బూడిద రంగు, బార్‌కోడు హాయిగా చదువుతోంది. కొత్త మీటరు 10^8 చూపింది. ఫొటో పెట్టా చూడండి.

మెరుపు_2_0 | మే 9, రాత్రి 9:14

నేను ముందే చెప్పా.

శ్రీసిటీ_క్వాలిటీ | మే 9, రాత్రి 9:50

అభినందనలు అన్నా. కానీ ఈ సాయంత్రం తిరుపతిలో గాలివాన పడింది, మీ షెడ్డులో తేమ ఎంతుంది? ఒక పని చేయండి. గాలి చొరబడని స్టీలు డబ్బాలో సిలికా జెల్ పోసి, పూత వేసిన ముక్కని రెండు రోజులు పెట్టి, తీసిన వెంటనే కొలవండి.

రేణిగుంట_ట్రేలు | మే 12, ఉదయం 10:30

మేడమ్, 10^11. కొన్ని చోట్ల 10^12. గుండె జారిపోయింది. ట్యూబులకు తేమతో పని లేదన్నారు కదా?

ఏర్పేడు_ల్యాబ్ | మే 12, ఉదయం 10:48

ట్యూబులకు లేదు అన్నా, సబ్బుకు ఉంది. కట్టలు విప్పడానికి సిరాలో కలిపిన సబ్బు ట్యూబుల బరువుకు కొన్ని రెట్లు ఉండొచ్చు. ఆరాక అది పోదు, ట్యూబు చుట్టూ తొక్కలా ఉండిపోతుంది. మీరు 10^8 అని కొలిచింది ఆ సబ్బునే. స్ప్రే బదులు ఖరీదైన స్ప్రే కొట్టినట్టయింది. తొక్క వల్ల ట్యూబులు ఒకదాన్నొకటి సరిగ్గా తాకడం కూడా లేదు.

కడగండి. పూత బాగా ఆరాక, షీటుని మంచినీళ్ళ తొట్టిలో పడుకోబెట్టి నెమ్మదిగా ముంచి తీయండి, రెండు మూడు సార్లు. కుళాయి ధార కింద పెట్టొద్దు. అది ఆరాక, పైన బైండర్ని చాలా పలచగా లాగండి. ముందే సిరాలో కలిపితే సబ్బుని బయటికి రానివ్వదు. పై నుంచి వేస్తే వలలోకి ఇంకి, పెట్‌ని పట్టుకుంటుంది, ట్యూబుల కొసలు పైకి మిగులుతాయి.

కాళాస్త్రి_కలం | మే 12, ఉదయం 11:30

మేం కూడా కసిమి ఆరాక స్వర్ణముఖిలో జాడించేవాళ్ళం, పారే నీళ్ళలో, మిగులు రంగు పక్కకి అంటకుండా. ఇప్పుడు ఏటిలో నీళ్ళు లేక తొట్లు కట్టుకున్నాం.

రేణిగుంట_ట్రేలు | జూన్ 3, రాత్రి 10:05

ఈసారి తొందరపడి కేకలు పెట్టను. కడిగాక, బైండర్ వేశాక, స్టీలు డబ్బాలోంచి తీసి కొలిస్తే 10^6. షెడ్డు గాలిలో కూడా 10^6. తెల్ల గుడ్డతో యాభై సార్లు రుద్దా, గుడ్డ తెల్లగానే ఉంది.

కానీ ఆ షీటుని అచ్చులో వేసి మూత దింపితే మధ్యలో 10^6, గోడల మీద 10^7, మూలల్లో 10^9, ఒక మూలన 10^10. షీటు సాగిన చోటల్లా పెరిగింది.

ఏర్పేడు_ల్యాబ్ | జూన్ 3, రాత్రి 10:30

సాగినప్పుడు ట్యూబులు జారి దూరమవుతాయి, ఒకే దిక్కుకి తిరుగుతాయి, కలిసే చోట్లు తగ్గుతాయి. లోహం పూత అయితే పగిలి పూర్తిగా తెగిపోయేది, ఇవి పొడవైనవి కాబట్టి ఇంకా చేతులు పట్టుకుని ఉన్నాయి. షీటు మీద సిరా ఇంకో లాగుడు వేస్తే మూలలు దిగుతాయి గానీ రంగు ముదురుతుంది. బార్‌కోడు మధ్యలో కదా ఉండేది?

చిత్తూరు_కవర్లు | జూన్ 4, ఉదయం 6:30

మూలలకే ఎందుకు పూయాలి, మూలల్నే మార్చొచ్చు కదా? అచ్చు మూలలు గుండ్రంగా తిప్పించు, లోతు తగ్గించు. షీటు సాగకపోతే నీ ట్యూబులూ సాగవు. సిరా కన్నా అచ్చు పని చవక.

శ్రీసిటీ_క్వాలిటీ | జూన్ 4, ఉదయం 9:00

ఈ చర్చలో ఇంతవరకు వచ్చిన సలహాల్లో ఇదే గొప్పది. మూతకి అంత లోతు నిజంగా అవసరమా అని కొన్నవాళ్ళనే అడగండి, మేం సాధారణంగా ఒప్పుకుంటాం. రెండు వైపులా పూత వేయడం మాత్రం మరిచిపోవద్దు. ఒక వైపే వేస్తే రెండో వైపు మామూలు పెట్, చేయి రాస్తే ఛార్జ్ అక్కడ నిలుస్తుంది.

రేణిగుంట_ట్రేలు | జులై 18, రాత్రి 9:25

ఒప్పుకున్నారు. లోతు 20 మిల్లీమీటర్ల నుంచి 12కి, మూలలు గుండ్రం, రెండు వైపులా పూత. మూలల్లో 10^8. మొదటి నూట యాభై మూతలు వెళ్ళాయి. ఒక్కో మూతకు పట్టిన టైము, సిరా లెక్క వేస్తే ఈ లాటులో మిగిలింది ఏమీ లేదు, రెండో లాటులో చూడాలి. సిరా కన్నా ఎండబెట్టే చోటే సమస్య, దుమ్ము పడితే చుక్కలొస్తున్నాయి. చెక్క బీరువా ఒకటి చేయించా.

చిత్తూరు_కవర్లు | జులై 18, రాత్రి 9:40

కడిగిన నల్లనీళ్ళు యాడ పోస్తున్నావు? కాలవలోనా?

రేణిగుంట_ట్రేలు | జులై 18, రాత్రి 9:52

లేదన్నా. డ్రమ్ములో పోసి మూత పెట్టి పేరు రాసి ఉంచా. మొదటి రోజు తుడిచిన గుడ్డల మూట కూడా దాని పక్కనే ఉంది. ప్రమాదకర వ్యర్థాలు తీసుకెళ్ళేవాళ్ళతో మాట్లాడా, డ్రమ్ము నిండాక రమ్మన్నారు. ఈ డబ్బు కూడా మూత ధరలో కలపాలని ఇప్పుడు తెలిసింది.

నామాల_త్రీడీ | ఆగస్టు 2, మధ్యాహ్నం 12:15

అన్నా, మిగిలిన సిరా ఒక చిన్న సీసాడు ఇస్తావా? పొడి వద్దు, సిరానే.

రేణిగుంట_ట్రేలు | ఆగస్టు 2, మధ్యాహ్నం 1:00

ఆదివారం షెడ్డుకి రా తమ్ముడూ. మాస్కు తెచ్చుకో. నాకో శంఖుచక్రాల లాకెట్ బాకీ.

రేణిగుంట_ట్రేలు | నవంబర్ 27, సాయంత్రం 6:40

మూడు రోజుల నుంచి ఆగని వాన. షెడ్డు గోడలు చెమరుస్తున్నాయి. ఊరికే కూర్చోలేక మీటరు తీశా. పూత వేసిన మూత, జూన్‌లో ఎంతో ఇప్పుడూ అంతే, 10^6. పనిలో పనిగా మూలన ఉన్న ఆ నాలుగు వందల పాత మూతల్లోంచి ఒకటి లాగి కొలిచా. 10^9. ఇప్పుడు పాసయింది దొంగది.